పసరు పోసేలోగా పోతున్న ప్రాణం

కుక్కపిల్లల రక్త విరేచనాల జబ్బుకు ఇంటి వైద్యం ఎంతవరకు? పశువైద్యం ఎక్కడినుంచి?

కృష్ణా జిల్లా పల్లెల్లో కోతల కాలం వచ్చిందంటే కుక్కపిల్లలకు గిరాకీ పెరుగుతుంది. కళ్లంలో ధాన్యం రాశికి కాపలా కావాలి. పశువుల కొట్టానికి కావాలి. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక ప్రాంతాల్లో చేపల, రొయ్యల చెరువుల గట్లకు కావాలి. వీధి కుక్కలు ఎక్కువగా పిల్లలు పెట్టేది కూడా వానలు వెనకబట్టి చలి ముదిరే నెలల్లోనే. తల్లి పాలు మరవని పిల్లను గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం పరిపాటి. పదిహేను రోజులకో, నెలకో దాన్ని అదే సంచిలో చుట్టి కాలవ గట్టున పూడ్చిపెట్టడం కూడా పరిపాటి అయిపోయింది.

జరిగే తీరు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. రాత్రి పెట్టిన అన్నం ముట్టదు. తెల్లవారేసరికి పసుపు పచ్చని నురగ కక్కుతుంది. సాయంత్రానికి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. మర్నాడు దుర్వాసనతో నెత్తురు పడుతుంది. మూడోనాడు తల ఎత్తదు.

ఈ మూడు రోజులూ ఇంటివారు చేతులు ముడుచుకుని కూర్చోరు. మొదటిరోజు మజ్జిగలో మెంతిపొడి కలిపి పోస్తారు. రెండోరోజు దానిమ్మ తొక్క కషాయం, జామ చిగుళ్ల రసం, వేపాకు పసరు, పసుపు ముద్ద. ఆపైన పక్కింటివారు ఇచ్చిన విరేచనాల మాత్ర. "ఇక లాభం లేదు, ఒకసారి డాక్టరుగారికి చూపించండి" అని ఎవరో అన్నాక పశువుల ఆసుపత్రికి బయలుదేరుతారు. అప్పటికి డాక్టరు చేయగలిగింది మిగిలేది కొంచెమే. పిల్ల పోతుంది. "ఆసుపత్రికి తీసుకుపోయినా బతకలేదు" అన్న మాట మాత్రం ఊళ్లో నిలబడుతుంది. మరుసటి ఏడాది ఇంకో ఇంట్లో పిల్ల పడకేస్తే ఆ మాటే ఆసుపత్రి దారికి అడ్డం వస్తుంది.

ఇంటి వైద్యం మంచిదా, ఇంగ్లీషు వైద్యం మంచిదా అని రచ్చబండ దగ్గర వాదులాడుకోవడం తేలిక. ఈ జబ్బు విషయంలో అసలు ప్రశ్న అది కాదు. చాలా సందర్భాల్లో ప్రాణం తీస్తున్నది పసరు కాదు. పసరు పనిచేస్తుందేమోనని ఎదురుచూసిన పొద్దు.

అమ్మమ్మల కాలంలో లేని జబ్బు

రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు పిల్లకు వాంతులతో, నెత్తురు విరేచనాలతో వచ్చే ఈ జబ్బు చాలావరకు పార్వో అనే వైరస్ వల్ల వస్తుంది. ఈ వైరస్ గురించి గ్రామస్థులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇది పాత జబ్బు కాదు. 1978లో మొదటిసారి దీన్ని గుర్తించారు. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు ఇది దగ్గర చుట్టం. రెండేళ్లలోపే ఖండాలు దాటి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1980 దశకం మొదట్లో బయటపడింది.

అంటే తాతముత్తాతల నాటి నుంచి వస్తున్న ఇంటి మందులు ఈ జబ్బు కంటే ముందే పుట్టాయి. నాటు వైద్యానికి బలం అనుభవం. తరతరాలుగా చూసి, వాడి, ఫలితం కనిపెట్టి చెప్పిన మాట కనుకనే దానికి విలువ ఇస్తాం. అయితే ఆ తరాలవారు చూడని జబ్బుకు ఆ అనుభవం ఎలా వర్తిస్తుంది? దానిమ్మ తొక్క, జామ చిగురు మామూలు నీళ్ల విరేచనాలకు చెప్పినవి. పార్వోకు ఎవరూ చెప్పినవి కావు. నాటు వైద్యాన్ని గౌరవించేవారు సైతం ఈ తేడా గమనించాలి.

పార్వో వైరస్ శరీరంలో ప్రవేశించిన మూడు నుంచి ఏడు రోజుల్లో లక్షణాలు పైకి వస్తాయి. ఇది రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. ఒకటి పేగు. పేగు లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతూ ఉండాలి. ఆ పుట్టే చోటునే వైరస్ పాడు చేస్తుంది. పొర ఊడిపోయి నెత్తురు కారుతుంది. రెండోది ఎముకల లోపలి మూలుగ. రోగాన్ని ఎదిరించే తెల్ల కణాలు తయారయ్యేది అక్కడే. అవి తగ్గిపోతాయి. కంచె తెగిన పేగు నుంచి సూక్ష్మజీవులు నెత్తురులోకి చొరబడతాయి. వాటిని అడ్డుకునే సేన ఉండదు. ఒంట్లో నీరు, లవణాలు కరిగిపోవడం ఒకపక్క, నెత్తురు విషమయం కావడం మరోపక్క పిల్లను పడగొడతాయి.

నయమైనవి ఎందుకు నయమయ్యాయి?

"మా పిల్లకు ఇంటి మందే పోశాం, లేచి తిరిగింది" అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. అయితే పిల్లకు విరేచనాలు కావడానికి కారణాలు అనేకం. తల్లి పాలు మానిపించి ఒక్కసారిగా గేదె పాలు పట్టినా అవుతాయి. పాచిపోయిన కూర, ఎండు చేపల తలలు తిన్నా అవుతాయి. ఏలిక పాముల వల్లా అవుతాయి. వీటిలో కొన్ని ఒకపూట లంఘనంతో వాటంతటవే సర్దుకుంటాయి. ఆ మధ్యలో పోసిన మందుకు పేరు వస్తుంది.

మామూలు విరేచనం తగ్గినప్పుడు పేరు పసరుకు. పార్వోతో పిల్ల పోయినప్పుడు నెపం చివరి పూట చూసిన డాక్టరుకు. ఈ లెక్కలో ఇంటి మందు ఎప్పుడూ ఓడదు, ఆసుపత్రి ఎప్పుడూ గెలవదు. గ్రామాల్లో పశువైద్యంపై ఏర్పడిన అపనమ్మకానికి ఇది పెద్ద కారణం.

పైగా నెత్తురు పడిన ప్రతి పిల్లకూ పార్వోయే అని కాదు. నెత్తురు పీల్చే కొంకి పురుగులు కడుపునిండా ఉంటే చిగుళ్లు తెల్లగా పాలిపోయి, విరేచనం తారులా నల్లగా అవుతుంది. డెల్టాలో ఎలుకల బాధ జగమెరిగినది. పొలాల్లో పెట్టిన జింకు ఫాస్ఫైడు ఎర తిన్నా వాంతులు, విరేచనాలు వస్తాయి. బ్రోమాడియోలోన్ ఎర తింటే నెత్తురు గడ్డకట్టే గుణం పోయి ఒంట్లో ఎక్కడైనా కారుతుంది. దానికి విరుగుడు కె1 విటమిన్. కొన్ని పురుగుమందుల విషానికి చొంగ, వణుకు, కంటిపాప సూదిమొనంత కావడం గుర్తులు. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. పైకి ఒకేలా కనిపించే ఈ బాధలకు మందులు వేరువేరు. ఏది ఏదో పెరట్లో నిలబడి తేల్చడం ఎవరి తరమూ కాదు. పార్వోను నిమిషాల్లో తేల్చే పరీక్ష పట్టీలు ఉన్నాయి. విరేచనం కొంచెం తీసి చూస్తే తెలిసిపోతుంది.

ఇంటి మందులో మేలెంత, కీడెంత?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. కుక్కపిల్లల విషయంలో ఇది తిరగబడింది. పెరటి చెట్టే ముందు గుర్తుకు వస్తున్నది. ఇంటి మందులన్నీ వ్యర్థమని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు.

ఇంటి దినుసులు ప్రాణాలు నిలిపిన సందర్భం చరిత్రలో ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ నీళ్లలో ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపి డ్రమ్ములకెత్తి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. నేడు ప్రతి ఇంటికీ తెలిసిన ఓఆర్ఎస్ గొప్పతనం లోకానికి అలా రుజువైంది. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ నీళ్లు కుక్కపిల్లకూ మంచివే. కాని ఒక షరతు. లోపలికి పోయింది నిలవాలి. పార్వో పిల్ల తాగింది తాగినట్లే కక్కుతుంది. పేగు పొర ఊడిపోయి ఉండడంతో నిలిచిన కాస్త కూడా సరిగా ఒంటపట్టదు. వాంతి ఆగేదాకా నోటి ద్వారా పోసేది ఓఆర్ఎస్ అయినా, పసరు అయినా ఉపయోగం స్వల్పం. వాంతులు లేకుండా, చలాకీగా ఉన్న పిల్లకు ఒకటి రెండు విరేచనాలు అయితే ఓఆర్ఎస్ నీళ్లు, చారెడు మెత్తటి అన్నం, ఒకపూట కనిపెట్టుకుని ఉండటం సరిపోవచ్చు. ఇంటి వైద్యం హద్దు అక్కడికే.

హద్దు దాటినప్పుడు కీడు మొదలవుతుంది. నీరసించిన పిల్ల నోరు తెరిచి గిన్నెతో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ముకు దారితీస్తుంది. వెల్లుల్లి, ఉల్లి రసం మనుషులకు మేలు కావచ్చు. కుక్కకు మాత్రం అవి నెత్తుటి ఎర్ర కణాలను పగలగొడతాయి. అసలే నెత్తురు పోతున్న పిల్లకు ఉల్లిరసం పోయడం కాలిన పుండు మీద కారం చల్లడమే. మనుషుల విరేచనాలను కట్టేసే మాత్ర వేస్తే బయటికి పోవలసిన విషం పేగులోనే నిలుస్తుంది. ఒళ్లు కాలుతున్నదని వేసే పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఒంటినొప్పుల మాత్రలు, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పెట్టి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. జబ్బు మధ్యలో ఆముదం పట్టడం, పొట్టపై వాతలు పెట్టడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నది. వీటివల్ల బాధ తప్ప ఫలితం శూన్యం.

డాక్టరు చేసేదేమిటి?

పార్వో వైరస్‌ను సూటిగా చంపే మందు సామాన్య ఆసుపత్రిలో లేదు. ఈ మాట విని "మరి ఆసుపత్రికి ఎందుకు?" అనేవారున్నారు. డాక్టరు చేసే పని వైరస్‌తో పోట్లాట కాదు. పిల్ల శరీరం తనంతట తాను కోలుకునేదాకా, అంటే నాలుగైదు రోజులు, ప్రాణం నిలపడం. నరానికి సెలైన్ ఎక్కించి పోయిన నీరు, లవణాలు తిరిగి ఇస్తారు. వాంతులు ఆపే ఇంజెక్షన్ చేస్తారు. నెత్తురులోకి చొరబడిన సూక్ష్మజీవులకు యాంటీబయాటిక్ ఇస్తారు. నెత్తురులో చక్కెర పడిపోకుండా చూస్తారు. వాంతి ఆగగానే కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెట్టిస్తారు.

ఫలితంలో తేడా కొద్దిపాటిది కాదు. చికిత్స లేకుండా వదిలేస్తే పది పిల్లల్లో తొమ్మిది దాకా చనిపోవచ్చు. వేళకు చేర్చి, అన్ని వసతులున్న చోట చికిత్స చేయిస్తే పదింటిలో ఎనిమిది, తొమ్మిది బతికిన సందర్భాలున్నాయి. ఈ తేడాకు మూలం ఖరీదైన మందు కాదు. నీరు పూర్తిగా ఇంకిపోకముందే సెలైన్ అందడం. మెడ మీద తోలు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతలాగే నిలిచిందంటే, చిగుళ్లు తడారి జిగటగా ఉన్నాయంటే ఒంట్లో నీరు బాగా తగ్గినట్లే. ఆ గుర్తు కనిపించేదాకా ఆగడమే ఆలస్యం.

ఆసుపత్రికి ఎందుకు వెళ్లరు?

తప్పంతా గ్రామస్థులపై నెట్టడం తగదు. "కుక్కకు కూడా సెలైనా, ఏవయ్యా!" అని వేళాకోళం ఒకటి. బస్సులో ఎక్కనివ్వరు, ఆటోకు డబ్బు ఇవ్వాలి. మండల కేంద్రంలోని ఆసుపత్రి వేళలకు పొలం పనులు కుదరవు. తీరా వెళితే డాక్టరుగారు ఏ గేదె ఈతకో మరో ఊరు వెళ్లి ఉంటారు. సెలైన్, ఇంజెక్షన్లు బయట కొనవలసి వస్తే అయిదు రోజుల చికిత్సకు అయ్యే ఖర్చు కూలీ కుటుంబానికి మోయలేని భారం. ఊరకే వచ్చిన పిల్ల కనుక పోతే మరొకటి తెచ్చుకోవచ్చునన్న భావన కూడా లేకపోలేదు.

వ్యవస్థ తీరు కూడా దీనికి తోడయింది. పల్లెల్లో పశువైద్య సేవ మొదటినుంచి పాడి చుట్టూ అల్లుకున్నది. ఆవులకు, గేదెలకు గాలికుంటు టీకాను 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితంగా వేస్తున్నారు. అది అవసరమే. కుక్కలకు ఏటా జూలై 6న జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం సందర్భంగా పిచ్చికుక్క జబ్బు టీకా ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు. పార్వో మనుషులకు సోకదు. పాడికి నష్టం చేయదు. అందుచేత అది ఏ ఉచిత పథకంలోనూ చోటు చేసుకోలేదు. టీకా కావలసినవారు కొనుక్కోవలసిందే.

అయితే వెనకటి పరిస్థితి ఇప్పుడు లేదన్నది కూడా నిజం. 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022 మేలోనూ ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొలివిడత నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 వాహనాలు వచ్చాయి. 2019 నుంచి గ్రామ సచివాలయాలలో పశుసంవర్ధక సహాయకులను నియమించారు. గన్నవరంలో 1998లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. విజయవాడలో పెద్ద పశువైద్యశాల ఉన్నది. గన్నవరం, ఉంగుటూరు, బాపులపాడు మండలాల వారికి ఇవి అందుబాటు. దివిసీమ చివరి గ్రామాలవారికి మాత్రం వెళ్లడానికే పూట గడిచిపోతుంది. రోజూ తిప్పవలసిన చికిత్సకు అంతదూరం అయ్యే పని కాదు.

ఇల్లే వార్డుగా

ఈ చిక్కుకు దారి లేకపోలేదు. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 40 పార్వో పిల్లలను రెండు జట్లు చేసి పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. అన్నింటికీ మొదట ఆసుపత్రిలో నరానికి సెలైన్ ఎక్కించి నిలదొక్కుకునేలా చేశారు. తర్వాత ఒక జట్టును అక్కడే ఉంచి పూర్తి వైద్యం చేశారు. రెండో జట్టుకు ఇళ్లలో చేయించదగిన తేలిక పద్ధతి పాటించారు. చర్మం కింద సెలైన్ ఇవ్వడం, వాంతులు ఆపే ఇంజెక్షన్ రోజూ చేయడం, చాలా రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఒక్కసారి ఇవ్వడం, వెచ్చగా ఉంచడం, కొద్దికొద్దిగా తినిపించడం. మొదటి జట్టులో 90 శాతం, రెండో జట్టులో 80 శాతం బతికాయి.

ఈ ఫలితం మన పల్లెలకు ఎంతో అవసరమైనది. చర్మం కింద సెలైన్ ఇవ్వడానికి పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. మండలంలోని పశువైద్యశాల చాలు. మొదటిరోజు డాక్టరు చూసి నిలబెట్టి, చేయవలసింది రాసిస్తే మిగతా రోజులు ఆయన పర్యవేక్షణలో స్థానిక సిబ్బంది చేతుల మీదుగా, ఇంటివారి కనుసన్నల్లో జరిగిపోవచ్చు. వెచ్చటి పడక వేసేది ఇంటివారే. గంటగంటకూ చూసేది వారే. ఎన్నిసార్లు కక్కిందీ గుర్తుపెట్టుకుని చెప్పేది వారే. ఇంటి వైద్యానికి, పశువైద్యానికి పోటీ పెట్టవలసిన పని లేదన్నది ఇక్కడ తేలుతున్నది. మందు ఆసుపత్రిది కావాలి. సాకడం ఇంటిది కావాలి.

మొదటి పూట చేయవలసినవి

ఆరు నెలల లోపు పిల్ల తిండి మానేసి రెండుసార్లు కక్కినా, విరేచనంలో నెత్తురు చుక్క కనిపించినా ఆ పూటే కబురు చేయాలి. ముందు 1962కు గాని, మండల పశువైద్యశాలకు గాని ఫోన్ చేసి డాక్టరు ఎక్కడున్నారో, కుక్కకు సెలైన్ ఇచ్చే వీలున్నదో కనుక్కుని బయలుదేరితే వృథా ప్రయాణం తప్పుతుంది. వాంతులవుతుండగా తిండి, పాలు పెట్టకూడదు. ఏ పసరూ బలవంతాన పోయకూడదు. పాత గోనె, దుప్పటి పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్లు చల్లబడి వేలాడిపోతుంటే చక్కెర పాకం గాని, తేనె గాని వేలితో చిగుళ్లకు రాయవచ్చు. నోట్లో పోయకూడదు. ఎప్పటినుంచి జబ్బు, ఏమి తిన్నది, ఏ టీకాలు పడ్డాయి, ఇంట్లో ఇప్పటికే ఏ మందు పోశారు అన్నవి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. పసరు పోశామని చెబితే కోప్పడతారని దాచేవారున్నారు. దానివల్ల పిల్లకే నష్టం.

ఒక హెచ్చరిక. చొంగ కారుస్తూ, మింగలేక, గొంతులో ఎముక అడ్డుపడినట్లు కనిపించే పిల్ల నోట్లో వేలు పెట్టరాదు. పిచ్చికుక్క జబ్బు పిల్లలకూ వస్తుంది. దాని గుర్తులు ఇలాగే ఉండవచ్చు. మందు పోయబోయి కరిపించుకున్నా, గీరుకుపోయిన చోట చొంగ తగిలినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పుండుపై సున్నం, కారం, పసుపు పెట్టి ఊరుకుంటే ప్రమాదం. మనిషికి ఆ జబ్బు లక్షణాలు పైకి వచ్చాక దాదాపు చావు తప్పదు.

ఇల్లు శుభ్రం, టీకా ముఖ్యం

పార్వో వైరస్ మొండిది. జబ్బు పిల్ల విరేచనం పడిన నేలలో నెలల తరబడి, నీడ పట్టున ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. చెప్పులకు, గిన్నెలకు అంటుకుని వీధి దాటుతుంది. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకుంటే లాభం లేదు. విరేచనం ఎత్తి పూడ్చి, నేల కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పది నిమిషాలు నిలిచేలా చల్లాలి. సీసాల్లో దొరికే బ్లీచి అయితే ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలపవచ్చు. గడ్డి, గోనెలు తగలబెట్టాలి. మట్టి నేలను పూర్తిగా శుద్ధి చేయడం సాధ్యం కాదు కనుక, పిల్ల పోయిన ఇంటికి టీకాలు పూర్తికాని మరో పిల్లను ఏడాది దాకా తేకపోవడం ఉత్తమం. పోయింది కదా అని వారం తిరక్కుండా మరొకటి తెచ్చి, అదీ పోగొట్టుకుని, "మా ఇంట కుక్కలు అచ్చిరావు" అని వాపోయే కుటుంబాలు అనేకం. అచ్చిరానిది ఇల్లు కాదు, నేలలో మిగిలిన వైరస్.

టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఏడాదికి మళ్లీ ఒకటి. ఒక్క టీకాతో సరిపెట్టరాదు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే వరసగా వేస్తారు. ఒక డోసుకు కొన్ని వందల రూపాయలు అవుతుంది. అయిదు రోజుల చికిత్స ఖర్చుతో పోలిస్తే మొత్తం టీకాల ఖర్చు తక్కువే. ఏలిక పాముల మందు రెండు వారాల వయసు నుంచే డాక్టరు చెప్పిన మోతాదులో పట్టించాలి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి విడదీయరాదు. మూడు నెలలకు పిచ్చికుక్క జబ్బు టీకా మరవరాదు. అది కుక్క కోసమే కాదు, ఇంట్లో దానితో ఆడుకునే పసివారి కోసం.

అధికారులు చేయదగినది

పెద్ద ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. మండల పశువైద్యశాలలో వారానికి ఒక పూట కుక్కలకు కేటాయించి, ఆ రోజు టీకాలు కొనుక్కునేవారికి ఒకే సీసా నుంచి పంచి వేసే టీకాలు దొరికేలా చూడవచ్చు. వాంతులు ఆపే ఇంజెక్షన్, సెలైన్ సీసాలు కొద్దిగానైనా నిల్వ ఉంచవచ్చు. చర్మం కింద సెలైన్ ఇచ్చే పద్ధతిలో గ్రామ సిబ్బందికి గన్నవరం కళాశాలలో ఒకటి రెండు రోజుల శిక్షణ ఇప్పించవచ్చు. చలికాలం మొదలుకాక ముందే సచివాలయం గోడపై 1962 నంబరు, మండల డాక్టరు వేళలు రాయించవచ్చు. జూలై 6 శిబిరానికి వచ్చే ప్రతి ఒక్కరికీ పార్వో గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు.

రాత్రంతా చెరువు గట్టున మేలుకుని యజమాని సొత్తు కాసేది ఆ కుక్కే. దానికి జబ్బు చేసిన రాత్రి యజమాని మేలుకోవాలి. ఆ మేలుకోవడం పసరు నూరడానికి కాకుండా ఫోన్ చేయడానికైతే, మరుసటి కోతల నాటికి కాలవ గట్టున గోతులు తగ్గుతాయి.